ఒరిగినా లేచే నావ

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా విజ్ఞాన ప్రదర్శన ప్రారంభ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బయి ఐదేళ్ళ పండుగలో ప్రధానోపాధ్యాయిని మాట్లాడుతుందంటే పాఠశాల చరిత్రో, మాతృభాషాభిమానమో విషయమవుతుందని అందరూ ఊహిస్తారు. ఆ రెండింటిని గురించీ నాకంటె అధికారంతో చెప్పగల పెద్దలు ఈ వేదికపైనే ఉన్నారు. నేను ముప్పయి ఏళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్న దానిని. కనుక నేడు ఒక పడవను గురించి చెప్పదలచుకున్నాను. అది ఇంగ్లండులో పుట్టిన తెరచాప పడవ. పేరు రస్లర్ 36. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, నీళ్ళంటే హలసూరు చెరువూ కావేరి కుళాయీ తప్ప మరొకటి ఎరుగని ఈ బెంగళూరు నగరంలో ఇదేమి విషయమమ్మా అని ఆహ్వానపత్రిక చూసిన మిత్రురాలొకరు నవ్వారు. నవ్వదగినదే. అయితే దీని వెనుక నేను తీర్చవలసిన బాకీ ఒకటి ఉన్నది.

2023లో, బడి తెరచిన కొత్తలో, ఎనిమిదవ తరగతిలో వస్తువులు నీటిపై తేలడాన్ని గురించి చెబుతున్నాను. ఆర్కిమెడీస్ సూత్రం అయింది, ఉత్ప్లవనం అయింది, ఇనుప మేకు మునుగుతుంది ఇనుప ఓడ తేలుతుంది అన్న ముచ్చట కూడా అయింది. వెనుక బల్ల నుండి ఒక బాలిక లేచి, "మేడమ్, తేలడం తెలిసింది. బోల్తా పడిపోయిన పడవ మళ్ళీ తనంతట తాను లేస్తుందా?" అని అడిగింది. ఆ వేసవిలో అభిలాష్ టామీ అనే మన నౌకాదళ విశ్రాంత అధికారి ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన వార్తను ఆమె టీవీలో చూసిందట. అతని పడవ అంతకుముందు ఒకసారి తలక్రిందులయిందని అందులో చెప్పారట. నాకు వెంటనే సమాధానం తోచలేదు. లేస్తుంది అని తెలుసును, ఎందుకు లేస్తుందో పిల్లలకు అర్థమయ్యేటట్లు చెప్పడం తెలియలేదు. "వచ్చే వారం చెబుతానమ్మా" అన్నాను.

వచ్చే వారానికి ఆ బాలిక మన బడిలో లేదు. ఆమె తండ్రిగారు భవన నిర్మాణంలో మేస్త్రీ పని చేసే మర్యాదస్తుడు. నా గదికి వచ్చి నిలబడి, "మీమీద గౌరవం లేక కాదు మేడమ్‌గారూ. సైన్సు తెలుగులో చదివితే రేపు ఎందుకూ పనికిరాదని అందరూ అంటున్నారండి" అన్నారు. నేను వాదించలేదు. బదిలీ పత్రంపై సంతకం చేశాను. అటువంటి సంతకాలు నేను చాలా చేశాను, ఈ సభలో దానిని దాచడమెందుకు? కాని ఆ ప్రశ్న నా బల్లమీదే ఉండిపోయింది. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే ఈ రస్లర్ 36 తారసపడింది.

ముందుగా కొంచెం పాఠం. పూర్వ విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది: స్థిర సమతాస్థితి, అస్థిర సమతాస్థితి, తటస్థ సమతాస్థితి. గిన్నెలో గోళీ, బోర్లించిన గిన్నెపై గోళీ, బల్లమీద గోళీ. పటాలు గీసి మార్కులు తెచ్చుకున్నాము, అంతటితో మరచిపోయాము. పడవలోని విచిత్రమేమంటే, నిటారుగా ఉన్న పడవ స్థిర సమతాస్థితిలో ఉంటుంది. తలక్రిందులైన పడవ కూడా చాలాసార్లు స్థిర సమతాస్థితిలోనే ఉంటుంది! బోర్లా పడి అలాగే హాయిగా తేలుతూ ఉంటుంది. లోపలివారికి మాత్రమే హాయి ఉండదు. ఈ రెండు స్థితుల నడుమ ఎక్కడో ఒక కోణమున్నది. ఆ కోణానికి ఇవతల ఉన్నంతసేపూ పడవ లేవాలని చూస్తుంది, అవతలికి పోతే బోర్లా పడాలని చూస్తుంది. పడవ సముద్రానికి తగినదా కాదా అన్న ప్రశ్నలో సగం, ఆ కోణం ఎక్కడున్నదన్న ప్రశ్నే.

పడవ బరువు దాని గరిమనాభి గుండా క్రిందికి పనిచేస్తుంది. నీరు పైకి నెట్టే బలం, మునిగిన భాగపు నడిబిందువు గుండా పైకి పనిచేస్తుంది. పడవ ఒరిగినప్పుడు మునిగిన భాగపు ఆకారం మారుతుంది, నడిబిందువు ఒరిగిన వైపుకు జరుగుతుంది. అప్పుడు ఆ రెండు బలాలూ ఒకే గీతలో ఉండవు. బలయుగ్మం ఏర్పడుతుంది. అదే పడవను లేపే చేయి. ఈ చేయిని పొడవు చేయడానికి రెండు దారులు. ఒకటి, పడవను వెడల్పుగా చేయడం. రెండవది, బరువును వీలైనంత క్రిందికి దించడం.

వెడల్పు పడవ పళ్ళెం వంటిది. నీళ్ళ తొట్టిలో అన్నం తినే పళ్ళెం వదలండి. ఎంత నిబ్బరంగా ఉంటుందో! వేలితో నొక్కినా త్వరగా ఒరగదు. కాని బోర్లించి వదలండి. బోర్లానే ఉండిపోతుంది. అడుగున గులకరాళ్ళు వేసి మూత బిగించిన సీసాను వదలి చూడండి. తాకితే చాలు ఊగుతుంది, ఒరుగుతుంది, చూసేవారికి భయం కలుగుతుంది. కాని ఎటు తోసినా లేచి నిలబడుతుంది. ఎటు పడదోసినా తల ఊపుతూ లేచి కూర్చునే తంజావూరు బొమ్మ గుట్టు కూడా ఇదే. నిబ్బరంగా కనిపించడం వేరు, పడిన తరువాత లేవడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భ్రమపడడం వల్లనే నీటిమీద ఎన్నో ప్రాణాలు పోయాయి.

ఇది నేను పుస్తకం చదవక ముందే ఒకసారి చూశాను. మాది కోనసీమ. నాకు ఎనిమిది తొమ్మిదేళ్ళ వయసులో ఒక పెళ్ళికి వెళుతూ లాంచీమీద గోదావరి దాటుతున్నాము. ఎక్కవలసినవారికంటె ఎక్కువమందే ఎక్కాము. పడుచువాళ్ళంతా గాలి కోసం పైకప్పుమీదికి చేరారు. నడి గోదావరిలో ఎవరో ఏదో చూపించగా అందరూ ఒక ప్రక్కకు జరిగారు. లాంచీ ఒరిగింది, ఒరిగి ఆగిపోయింది. అటు పడనూ లేదు, ఇటు లేవనూ లేదు. మా అమ్మ నన్ను పట్టుకున్న పట్టు నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉన్నది. ముసలి సరంగు కేకలు వేయలేదు. పైనున్నవారిని ఒక్కొక్కరినే దింపి, అడుగున సామాను వేసే చోట కూర్చోబెట్టాడు. నలుగురు దిగేసరికి లాంచీ కదిలింది, పదిమంది దిగేసరికి నిటారయింది. రేవులో దిగిన తరువాత మా నాన్నగారు చేతులు జోడిస్తే ఆయన అన్నమాట: "పైనున్న బరువు ముంచుద్దండి మేష్టారూ. కిందున్న బరువు కాపాడుద్దండి. అంతేనండి." బి.ఎడ్. చదివేటప్పుడు గరిమనాభిని గురించి నేను రాసిన పాఠ్య ప్రణాళిక నాలుగు పుటలున్నది. ఆ నాలుగు పుటల్లో ఇంతకు మించి ఏమీ లేదు.

ఇక రస్లర్ 36. ఇంగ్లండులో హోల్మన్, పై అనే ఇద్దరి పేర్లతో నడిచిన నౌకారూపకర్తల సంస్థ దీనికి రూపకల్పన చేసింది. 1980 ప్రాంతంలో వెలువడిన ఈ పడవను కార్న్‌వాల్ తీరంలోని ఫాల్మత్ ప్రాంతంలో తయారుచేస్తూ వచ్చారు. పొడవు సుమారు 10.8 మీటర్లు. మన తరగతి గది కంటె కొంచెం ఎక్కువ. వెడల్పు 3.35 మీటర్లు. నీటిలో లోతు 1.68 మీటర్లు, అంటే ఒక మనిషి ఎత్తు. బరువు సుమారు 7,600 కిలోలు. ఇందులో దాదాపు 45 శాతం, అంటే సుమారు 3,400 కిలోలు, కేవలం అడుగున ఉండడానికే ఉన్న బరువు. అది సామాను మోయదు, గదికి గోడ కాదు, యంత్రంలో భాగం కాదు. డబ్బు పెట్టి కొని, ప్రపంచమంతా మోసుకు తిరిగి, ఒక్కసారి కూడా కంటితో చూడని బరువు. నేటి పడవ రూపకర్తలలో చాలామంది దీనిని తగ్గించి వేగం పెంచుతారు. ఈ పడవను గీసినవారు అలా చేయలేదు.

ఆ బరువు ఉండేచోటు పడవ అడుగుకొయ్య. ఇంగ్లీషువారు కీల్ అంటారు. పాతకాలపు కొయ్య పడవలలో అది నిజంగా కొయ్యే. ఈ పడవ దేహం గాజునారతో పోతపోసినదైనా ఆకారం మాత్రం పాతదే. ఈనాటి పందెపు పడవలలో కీల్ చేప రెక్కలాగా సన్నగా, పొట్టిగా, లోతుగా వ్రేలాడుతుంది. రస్లర్ 36లో అలా కాదు. పడవ పొట్టలోనుండే మెల్లగా సన్నబడుతూ క్రిందికి దిగి, పడవ పొడవులో చాలా భాగం సాగి ఉంటుంది. దాని వెనుక అంచుకే చుక్కానిని తగిలించారు. దీనివల్ల రెండు మేళ్ళు. పొడవాటి అడుగు నీటిని నాగలి కర్రులాగా పట్టుకుంటుంది కనుక పడవ పట్టిన దారి త్వరగా వదలదు. ఒంటరి నావికుడు కాస్త కునుకు తీయాలంటే ఈ గుణం ప్రాణంతో సమానం. రెండవది, చుక్కాని అడుగుకొయ్య చాటున ఉంటుంది కనుక తేలివచ్చే దుంగలూ వలత్రాళ్ళూ నేరుగా దానికి తగలవు. నడిసముద్రంలో చుక్కాని పోయిన పడవ, కళ్ళెం తెగిన గుర్రం.

దీని లోపాలు కూడా చెప్పాలి. ఇది నెమ్మదిగా తిరుగుతుంది. రేవులో వెనక్కు నడపాలంటే చెప్పినమాట వినదు. నీటిని రాచుకునే మేను ఎక్కువ కనుక గాలి తక్కువైనప్పుడు మందకొడి. నీటిని తాకే గీత పొడవు 8.2 మీటర్లు మాత్రమే. ఇటువంటి బరువైన పడవ వేగం ఆ గీత పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. లెక్క వేస్తే గంటకు ఏడు నాటికల్ మైళ్ళు, అంటే పదమూడు కిలోమీటర్లు. సైకిలు తొక్కేవాడు దాటిపోతాడు. అయితే సాయంత్రం ఆరు గంటలకు సిల్క్ బోర్డు కూడలిలో ఈ వేగం కూడా ఎవరికీ దక్కదని మన పిల్లలే చెబుతారు.

గణితం ఉపాధ్యాయుల కోసం ఒక చిన్న లెక్క. పడవ ఎంత తేలికగా బోల్తా పడుతుందో తెలుసుకోవడానికి అమెరికాలో ఒక సులభ సూత్రం చేశారు. పడవ బరువును పౌండ్లలో తీసుకుని 64తో భాగించాలి. ఘనపుటడుగు సముద్రపు నీరు 64 పౌండ్లు తూగుతుంది కనుక, పడవ తొలగించిన నీటి ఘనపరిమాణం వస్తుంది. దానికి ఘనమూలం కట్టి, వెడల్పును దానితో భాగించాలి. వచ్చిన సంఖ్య 2 కంటె తక్కువ ఉండాలి. రస్లర్ 36 బరువు సుమారు 16,800 పౌండ్లు. 64తో భాగిస్తే 262.5. దాని ఘనమూలం 6.4. వెడల్పు 11 అడుగులు. జవాబు 1.72. మంచి సంఖ్యే. అయితే తొమ్మిదవ తరగతి పిల్లలకు ఈ లెక్క ఇచ్చినప్పుడు ఒక కుర్రవాడు, "మేడమ్, ఇందులో బరువు ఎక్కడుందో లేదు కదా, అంతా పైకప్పుమీద పెట్టినా 1.72 వస్తుంది" అన్నాడు. నిజమే. సంఖ్య వచ్చింది కదా అని సంతోషించేవారికి ఆ కుర్రవాడిని చూపించాలనిపించింది.

ఈ సూత్రం పుట్టడానికి వెనుక పెద్ద విషాదం ఉన్నది. 1979 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరం నుండి ఐర్లండు దాపున ఉన్న ఫాస్ట్‌నెట్ రాతిదీవిని చుట్టివచ్చే పందెంలో 303 పడవలు బయలుదేరాయి. నడిదారిలో తుఫాను పట్టుకుంది. పందెగాళ్ళు పదిహేను మంది మరణించారు. పదుల కొద్దీ పడవలు పూర్తిగా దొర్లాయి. కొన్ని బోర్లాపడి వెంటనే లేవలేదు. అప్పటికి పందెపు నియమాలకు అనుగుణంగా పడవలు తేలికగా, వెడల్పుగా మారుతూ వచ్చాయి. అనంతరం జరిగిన పరిశోధనలలో కొన్ని చేదు నిజాలు తెలిశాయి. పడవను దొర్లించేది గాలి కాదు, విరిగిపడే అల. పడవ పొడవులో అరవై శాతం ఎత్తున్న అల విరుగుతూ ప్రక్కనుండి కొట్టిందా, ఏ పడవైనా దొర్లుతుంది. రస్లర్ 36కు అది ఆరున్నర మీటర్ల అల. దక్షిణ సముద్రాలలో అదేమీ అరుదు కాదు. కనుక బోల్తాపడని పడవ అంటూ లేదు. ఎంతసేపటికి లేస్తుందన్నదే అడగవలసిన ప్రశ్న.

మరొకటి కూడా తేలింది, నాకు చాలా నచ్చిన సంగతి. తెరచాప కొయ్య విరిగిపోతే పైబరువు తగ్గింది కనుక పడవ మరింత క్షేమమని మనమనుకుంటాము. సరంగుగారి మాట ప్రకారం అలాగే ఉండాలి. కాని కొయ్య పోయిన పడవ మరింత తేలికగా దొర్లుతుంది! తాడుమీద నడిచే ఆటగాడు చేతిలో పొడవాటి గడ ఎందుకు పట్టుకుంటాడు? దూరంగా ఉన్న బరువు హఠాత్తుగా తిరగడానికి ఇష్టపడదు. కొయ్య కూడా పడవకు ఆ గడ వంటిది. అల కొట్టిన ఆ రెండు క్షణాలూ అది ఆపుతుంది.

మన దేశానికి ఈ కథలో పెద్ద పాత్ర ఉన్నదని చాలామందికి తెలియదు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టివచ్చిన మొట్టమొదటి మనిషి రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. 1968 జూన్ 14న ఫాల్మత్ నుండి బయలుదేరి 1969 ఏప్రిల్ 22న, 312 రోజులకు, అక్కడికే తిరిగివచ్చాడు. ఆ పందెంలో తొమ్మిదిమంది బయలుదేరితే పూర్తిచేసినవాడు అతనొక్కడే. ఇంగ్లీషువారు గర్వంగా చెప్పుకునే అతని పడవ సుహైలీ పుట్టింది ఎక్కడ? మన బొంబాయిలో. 32 అడుగుల టేకు పడవ. 1964 డిసెంబరులో నీటిలోకి దింపారు. మన వడ్రంగులు బాడిసెతో చెక్కిన పడవ. దాని రూపం నార్వే దేశంలో మునిగిపోయేవారిని రక్షించడానికి కాలిన్ ఆర్చర్ అనే ఆయన రూపొందించిన పడవల వంశానికి చెందినది. బరువు, లోతు, పొడవాటి అడుగుకొయ్య, దాని వెనుక చుక్కాని. రస్లర్ 36 వయసులో చిన్నదైనా ఆ కుటుంబపు బిడ్డే అనవచ్చు. దక్షిణ సముద్రంలో సుహైలీని అల పడగొట్టినప్పుడు పైగది కదిలిపోయింది, త్రాగునీరు పాడయింది. పడవ మాత్రం లేచింది.

ఆ యాత్రకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 2018లో గోల్డెన్ గ్లోబ్ పేరుతో మళ్ళీ పందెం పెట్టారు. నియమం విచిత్రమైనది: 1988కి ముందు రూపొందిన పడవలే ఉండాలి, 32 నుండి 36 అడుగుల మధ్య ఉండాలి, పొడవాటి అడుగుకొయ్య దాని వెనుక చుక్కాని ఉండాలి. దారి తెలుసుకోవడానికి కాగితపు పటాలు, సూర్యుని ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్ మాత్రమే. ఆ పందెంలో చివరివరకూ వచ్చినవారు ఐదుగురు. మొదటి ముగ్గురి పడవలూ రస్లర్ 36లే. గెలిచిన ఫ్రెంచి నావికుడు వాన్ డెన్ హీడేకు అప్పుడు 73 ఏళ్ళు! పదవీ విరమణ వయసు దగ్గరపడుతున్న నాబోటివారికి ఈ అంకె చదివినప్పుడు కొంచెం సిగ్గు కలుగుతుంది.

ఆ పందెంలో అభిలాష్ టామీ ఎక్కింది రస్లర్ కాదు, తురీయ అనే పడవ. సుహైలీని చూసి గోవాలో కట్టినది. 2018 సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రపు దక్షిణాన, పెర్త్ నగరానికి సుమారు 1,900 నాటికల్ మైళ్ళ దూరంలో, తుఫానులో అది దొర్లింది. కొయ్యలు విరిగాయి. అతను పడిపోయి వెన్నెముక దెబ్బతిన్నది. లేవలేడు, నడవలేడు. అయినా పడవ నిటారయింది కనుక, నీరు నిండలేదు కనుక, లోపల పడుకుని సందేశం పంపగలిగాడు. అదే తుఫానులో కొయ్య పోగొట్టుకున్న ఐర్లండు నావికుడు గ్రెగర్ మెక్‌గకిన్, తన అవస్థ మరచి అతనివైపే పడవను మళ్ళించాడు. మన నౌకాదళ విమానం వెతికి చూసింది. సెప్టెంబరు 24న ఫ్రాన్సుకు చెందిన ఓసిరిస్ అనే నౌక ఇద్దరినీ రక్షించింది. చివరకు మన ఐ.ఎన్.ఎస్. సత్పురా అతన్ని స్వదేశానికి చేర్చిన రేవు విశాఖపట్నం. మన తెలుగు రేవు.

వెన్నెముకకు టైటానియం అమర్చారు. నడక మళ్ళీ నేర్చుకున్నాడు. 2022 సెప్టెంబరు 4న అదే పందెంలో మళ్ళీ బయలుదేరాడు. ఈసారి అతని పడవ, బయానత్, రస్లర్ 36. గాలివాటాన్ని బట్టి చుక్కానిని త్రిప్పే సాధనం పదేపదే పాడైతే పడవలో ఉన్న సామానుతోనే బాగుచేసుకున్నాడు. 236 రోజుల తరువాత, 2023 ఏప్రిల్ 29న, రెండవవాడుగా చేరాడు. మొదట చేరినది దక్షిణాఫ్రికా వనిత కిర్‌స్టెన్ నోయ్‌షేఫర్. ఒంటరిగా భూమిని చుట్టే పందెంలో గెలిచిన తొలి మహిళ. దారిలో పడవ మునిగిపోయిన తోటి పందెగాడిని కూడా ఆమె రక్షించింది. ఆమెది రస్లర్ కాదు, కాని అదే వంశపు పడవ.

ఈ పడవను నేను దేవతను చేయడం లేదు. 2018 పందెంలోనే సూజీ గుడాల్ అనే యువతి రస్లర్ 36లో వెళ్ళింది. డిసెంబరు 5న వెనుకనుండి వచ్చిన అల ఆమె పడవను ముక్కుమీద పల్టీ కొట్టించింది. కొయ్య పోయింది, ఆమె స్పృహ తప్పింది. మెలకువ వచ్చేసరికి పడవ నిటారుగా తేలుతున్నది, గదిలో సామానంతా చిందరవందర. రెండు రోజులకు ఒక సరుకుల ఓడ వచ్చి ఆమెను ఎక్కించుకున్నది. పందెం పోయింది, పడవ పోయింది, మనిషి మిగిలింది. పడవను గీసినవాడు చేయగలిగింది అంతవరకే.

ఆడపిల్లలకు మరొక మాట. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి తారిణి అనే తెరచాప పడవలో మన నౌకాదళ మహిళాధికారులు ఆరుగురు బయలుదేరి, 254 రోజులకు, 2018 మే 21న భూమిని చుట్టి తిరిగివచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగు ఆడపడుచులు: విశాఖపట్నం నుండి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు నుండి బొడ్డపాటి ఐశ్వర్య. ఆ పడవ 56 అడుగుల ఆధునిక రూపం. రస్లర్ కంటె వేగం ఎక్కువ, మనుషులూ ఎక్కువ. తిరుగుదారిలో చుక్కాని త్రిప్పే యంత్రం పాడైతే మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని వచ్చారు. రెండు తెరచాపకొయ్యలున్న ఓడను నాణెంపై ముద్రించుకున్న శాతవాహనులకు, ఓడలు కట్టిన కోరంగి, తాళ్ళరేవు వడ్రంగులకు వారసులం మనం. ఆ వారసత్వాన్ని ఉపన్యాసాలలో మనం దాచుకుంటే వీరిద్దరూ సముద్రానికి తీసుకుపోయారు.

ఇక మన ఇంటి సంగతి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద వరద గోదావరిలో పర్యాటక పడవ మునిగి దాదాపు యాభైమంది పోయారు. మా ఊరివైపు ఆ రోజు ఎవరి ఇంటా పొయ్యి సరిగా వెలగలేదు. రస్లర్‌కున్న అడుగుకొయ్య నదిలో తిరిగే పడవకు పెట్టలేము. ఇసుక తిప్పలకు తగులుతుంది. నదిలోని పడవ వెడల్పుమీదనే ఆధారపడాలి, అంటే అది పళ్ళెం జాతి. హద్దు దాటేవరకూ చక్కగా నిలుస్తుంది, హద్దు దాటితే లేవదు. కనుక దానిని హద్దు దాటనివ్వకపోవడమే ఏకైక మార్గం. పైఅంతస్తు మీదికి జనాన్ని ఎక్కించకూడదు. ఒక ప్రక్కకు చేరకూడదు. వరదలో కట్టు విప్పకూడదు. రక్షణ కవచం మెడలో ఉండాలి, మూటగట్టి మూలన కాదు. మీరు సెలవులకు ఊరు వెళ్ళి పడవ ఎక్కినప్పుడు, ఎంత పెద్దవారు పైకి రమ్మన్నా క్రింద కూర్చోండి. పైకప్పుమీది స్నేహితులను కూడా దిగమనండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఈ ప్రసంగంలో ఉత్ప్లవనం, గరిమనాభి, బలయుగ్మం, సమతాస్థితి అనే మాటలు వాడాను. మన పాఠ్యపుస్తకాలలోని మాటలే. సరంగుగారి మాట కూడా వాడాను. ఏది ఆగిపోయిందో, ఏది అర్థం కాలేదో మీరే చెప్పాలి. ఉత్ప్లవనమంటే ఏమిటో లోపలినుండి తెలిసిన పిల్ల దాని ఇంగ్లీషు పేరును ఒక్క పూటలో నేర్చుకుంటుందని నా అనుభవం. తెలియని పిల్లకు రెండు పేర్లూ ఒకే బరువు. ఇది ఆ తండ్రిగారికి ఆనాడు చెప్పవలసిన మాట. అప్పుడు తోచలేదు. తోచినా, నెలకు అద్దె కట్టి పిల్ల భవిష్యత్తును లెక్కవేసుకునే మనిషితో అలా అనే హక్కు నాకున్నదా అని ఇప్పటికీ సందేహమే.

వరండా చివర నీళ్ళ తొట్టి ఉంచాము. అందులో ఎనిమిదవ తరగతి పిల్లలు చేసిన మూడు పడవలున్నాయి. మూడింటి బరువూ సమానం, మన వంటగది త్రాసులో తూచినదే. ఒకటి వెడల్పుగా, చదునుగా ఉన్నది. రెండవది సన్నగా, అడుగున సీసపు తునకలతో ఉన్నది. మూడవది రెండవదాని ఆకారమే, కాని సీసం పైకప్పుమీద ఉన్నది. మూడింటినీ బోర్లించి వదిలి చూడవచ్చు. చేతులు తడుస్తాయి, పండుగ బట్టలు జాగ్రత్త.

ఆనాడు ప్రశ్న వేసిన బాలికకు కబురు పంపాను. ఇప్పుడు వేరే బడిలో చదువుతున్నది. తండ్రిగారితో కలిసి వచ్చి మూడవ వరుసలో కూర్చున్నది. తొట్టి దగ్గరకు మొదట ఆమెనే రమ్మంటున్నాను. రెండవ పడవను నీవే బోర్లించమ్మా.